‘కౌంట్’ అంటే ఏ కౌంట్?

భీమవరం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఆఫీసు వివరాలూ బయటపెట్టవద్దని కోరారు కనుక సంగతి మాత్రం చెబుతాను. ఆమెకు 29 ఏళ్లు. పాలకొల్లు దగ్గరి పల్లెలో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో నాలుగేళ్లు ప్రోగ్రామరుగా పనిచేసి, తల్లికి ఒంట్లో బాగుండకపోవడంతో రెండేళ్ల క్రితం ఇంటికి వచ్చేశారు. వరసకు బాబాయి అయ్యే ఒకాయన భీమవరంలో ఆరుగురితో నడుపుతున్న ఆఫీసులో చేరారు. రొయ్యల చెరువుల రైతులకు మేత ఖాతాలు, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) లెక్కలు, కొనుగోలుదారుల నుంచి రావలసిన సొమ్ము చూసిపెట్టే సాఫ్ట్‌వేర్ వాళ్లది. 1980లలో కాకినాడలో చదువుకుంటూ ఫోర్ట్రాన్‌తో ప్రోగ్రామింగ్ నేర్చుకున్న ఆ బాబాయిగారు 2013లో ఒక్కరే కూర్చుని మొదలుపెట్టిన కోడ్ అది. ఎక్కువ భాగం పైథాన్, రైతు ఫోనులో కనిపించే భాగం జావాస్క్రిప్ట్.

ఆమె కష్టమంతా ఆ కోడ్‌లోని పేర్లతో. సీ, సీ1, సీఎన్‌టీ, టెంప్2, అమౌంట్_న్యూ, డూ_ఆల్ వంటివి వందలకొద్దీ ఉన్నాయట. (కోడ్‌లో అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి, ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను.) కిందటి వర్షాకాలంలో కొందరు రైతుల ఖాతాల్లో అడ్వాన్సు రెండుసార్లు కోతపడుతోందని ఫిర్యాదులు వస్తే, కారణం పట్టుకోవడానికి ఆమెకు తొమ్మిది రోజులు పట్టింది. చెక్_బ్యాలెన్స్ అనే ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) పేరుకు నిల్వ చూసేదే అయినా, లోపల అడ్వాన్సు సొమ్మును తీసివేసి ఖాతాలో రాసేస్తోంది. ఆ సంగతి తెలియని సహోద్యోగి, నిల్వ ఎంతుందో చూద్దామని ఇంకోచోట దాన్ని మరోసారి కాల్ చేశాడు, అంటే నడిపించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే బాబాయిగారు కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నారు. ఆఫీసంతా ఆయనకు ఫోన్లు చేస్తూ గడిపింది.

ఆ విసుగుతో ఆమె సంక్రాంతి సెలవుల్లో, ఆఫీసులో ఎవరూ లేని మూడు రోజుల్లో, సుమారు నాలుగు వందల పేర్లను ‘ఫైండ్ అండ్ రీప్లేస్’తో ఒక్కపెట్టున మార్చేశారు. పండగ వెళ్లాక వచ్చిన మొదటి పట్టుబడి రోజునే పదిహేడు మంది రైతుల స్లిప్పులు తప్పుల తడకగా అచ్చయ్యాయి. కొన్నింటిలో రొయ్య కౌంట్ (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ఉండవలసిన చోట ట్రేల సంఖ్య పడింది, కొన్నింటిలో సున్నా పడింది. బాబాయిగారు రాత్రికి రాత్రి పాత కోడ్‌ను వెనక్కి తెచ్చి, మర్నాడు అందరి ముందూ ఒకే మాట అన్నారట: “పేర్లు మారిస్తే రొయ్య బరువు పెరుగుతుందామ్మా?” అప్పటి నుంచి ఇద్దరి మధ్యా పని మాటలు తప్ప వేరే మాటలు లేవు.

ఆమె అడుగుతున్నవి ఇవి. ఇందులో తప్పెవరిది? ఒక్కొక్క పేరు కోసం అరగంట సేపు కూర్చుండిపోతున్నాను, ఇది మామూలేనా? ఒడిశా నుంచి వచ్చి చేరిన కొత్త కుర్రవాడికి తెలుగు రాదు. అలాంటప్పుడు పేర్లు తెలుగు మాటలతో పెట్టవచ్చా, ఇంగ్లీషే వాడాలా? ఇంత గొడవ ఎందుకు, హైదరాబాదు తిరిగి వెళ్లిపోనా? ఉత్తరం చివర తాజా కలంగా డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అన్న పేరు గురించి ఒక చిన్న ప్రశ్న కూడా ఉంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సీ1నీ చెక్_బ్యాలెన్స్‌నీ మీరు ఒకే గాటన కట్టేశారు. చిక్కులో సగం అక్కడే ఉందని నాకు అనిపించింది. సీ1 అనే పేరు ఏమీ చెప్పదు. చెప్పదు కనుకనే చదివేవాళ్లు ఆగి, అది ఎక్కడ పుట్టిందో వెతికి, చూసుకుని ముందుకు పోతారు. అందులో విసుగుంది గాని మోసం లేదు. చెక్_బ్యాలెన్స్ చూడడానికి చక్కని పేరు. లోపలికి తొంగిచూడనక్కరలేదన్న ధీమా ఇస్తుంది, ఆ ధీమాతోనే మీ సహోద్యోగి దాన్ని కాల్ చేశారు, రైతుల డబ్బు రెండుసార్లు కోతపడింది. మీ తొమ్మిది రోజులను తినేసింది అబద్ధమాడిన ఆ ఒక్క పేరు. సంక్రాంతికి మీరు మార్చిన నాలుగు వందలలో అలాంటివి ఎన్ని ఉంటాయో లెక్క తీయండి. నేను చూసినంతలో ఈ వయసున్న కోడ్‌లో అవి పదో పదిహేనో ఉంటాయి. మిగిలినవన్నీ నిదానంగా చూసుకోదగ్గవే.

ఈ అబద్ధాలు ఎవరూ కావాలని ఆడినవి కావు. ఫంక్షన్ పెరుగుతూ పోతుంది, పేరు మాత్రం పుట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. 2013లో అది నిజంగానే నిల్వ చూసి ఊరుకునేదేమో. తరువాత ఏదో ఒక పట్టుబడి రోజున, లారీ కదలబోతుంటే, రెండు వరుసలు తొందరలో చేరి ఉంటాయి. ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, దాన్ని నిల్వ చూసే ఫంక్షనుగానూ అడ్వాన్సు కోసే ఫంక్షనుగానూ విడదీయడం. ఇది శుభ్రమైన పనే, కాని దాన్ని కాల్ చేసే ప్రతి చోటూ వెతికి, అక్కడ కావలసింది ఏదో తేల్చుకోవాలి; ఒక్క చోట మరిచిపోయినా ఈసారి అడ్వాన్సు అసలు కోతపడకుండా పోతుంది, అప్పుడు ఫిర్యాదు చేసే రైతు కూడా ఉండడు. రెండోది, లోపల ఏమీ ముట్టుకోకుండా పేరు మాత్రం ‘డిడక్ట్_అడ్వాన్స్_అండ్_రిటర్న్_బ్యాలెన్స్’ అని మార్చడం. పొడుగ్గా, చూడడానికి వికారంగా ఉంటుంది. అయితే ఆ వికారం చూసిన ఎవరైనా రెండోసారి కాల్ చేసే ముందు ఆగుతారు. నాకైతే ముందు రెండోది చేసి, తీరిక చిక్కాక మొదటిదానికి వెళ్లడమే నచ్చుతుంది.

చెక్ అన్న మాటతోనే మీ ఊళ్లో ఇంకో ఇబ్బంది ఉంది. చెరువు మీద చెక్ అంటే మేత తిన్నదీ లేనిదీ చూడడానికి నీళ్లలోకి దించే ట్రే. ఆఫీసులో చెక్కు అంటే బ్యాంకు కాగితం. ప్రోగ్రామరుకు చెక్ అంటే సరిచూడడం. ఒకే సాఫ్ట్‌వేర్‌లో మూడూ ఉన్నప్పుడు ఒంటరిగా చెక్ అని ఎవరికీ పేరు పెట్టకపోవడం మేలు.

ఇక బాబాయిగారి సంగతి. ఆయన నేర్చుకున్న ఫోర్ట్రాన్‌లో పేరు ఆరు అక్షరాలు దాటకూడదు. వేరుగా చెప్పకపోతే, ఇంగ్లీషు ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలయ్యే పేరు పూర్ణాంకం కింద లెక్క, మిగిలినవి దశాంశాలు. 1989లో సీ భాషకు వచ్చిన ప్రమాణం కూడా, ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు వెళ్లే పేర్లలో మొదటి ఆరు అక్షరాలను గుర్తుపట్టగలిగితే చాలని యంత్రాలకు వెసులుబాటు ఇచ్చింది. ఆ కాలంలో పొదుపు నియమం. చేతికి పట్టిన అలవాటు నియమం పోయాక కూడా పోదు. పైగా రాసింది ఆయనే, చదివిందీ ఆయనే. కాలువ మీద ముప్పై ఏళ్లు చేసిన లస్కరుకు ఏ తూము ఎంత ఎత్తితే ఏ బోదెకు నీరు ఎక్కుతుందో తెలుసు, తూముకు బోర్డు లేకపోయినా ఆయనకు లోటు లేదు. ఆయన మంచం పట్టిన వారం రోజులూ లోటంతా ఆయకట్టుకు తెలుస్తుంది. పేర్లు మారిస్తే రొయ్య బరువు పెరుగుతుందా అన్న మాట యంత్రం వైపు నుంచి చూస్తే ముమ్మాటికీ నిజం. సీ లాంటి భాషలో కంపైల్ అయిన (యంత్రభాషలోకి మారిన) ప్రోగ్రాములో లోపలి వేరియబుళ్ల (విలువలు దాచుకునే చోట్ల) పేర్లు మామూలుగా మిగలనే మిగలవు. కాని కంటి ఆపరేషన్ జరిగిన పది రోజులూ మీ ఆఫీసు నుంచి ఆయనకు వెళ్లిన ఫోన్లలో ఎన్ని “సీ1 అంటే ఏమిటి సార్” అని మొదలయ్యాయో ఆయనకూ గుర్తుండే ఉంటుంది. వాదన ఎప్పుడైనా వస్తే మీరు ఎత్తవలసిన మాట అదొక్కటే, అదీ ఒంటరిగా ఉన్నప్పుడు.

పేరు ఎంత పొడుగుండాలన్న ప్రశ్న మీరు నేరుగా అడగలేదు గాని, అరగంట సేపు కూర్చుండిపోవడం వెనక ఆ సందేహమే ఉన్నట్టుంది. మన ఇళ్లలో దీనికి జవాబు ఎప్పటినుంచో ఉంది. ఇంట్లో పిల్లవాడు బుజ్జి. వీధిలోకి వస్తే ప్రతి ఇంట్లోనూ ఒక బుజ్జి ఉన్నాడు కనుక మేస్త్రి గారి బుజ్జి అవుతాడు. బడి రిజిస్టరులో ఇంటిపేరుతో సహా నిండు పేరు పడుతుంది. ఇంట్లో తల్లి ఇంటిపేరుతో పిలిస్తే పిల్లవాడు ఏం తప్పు చేశానోనని హడలిపోతాడు. రిజిస్టరులో బుజ్జి అని రాస్తే హెడ్మాస్టరు ఒప్పుకోడు. కోడ్‌లోనూ అంతే. మళ్లీ మళ్లీ నడిచే మూడు వరుసల లూప్‌లో తిరిగే అంకెకు ఐ అన్న ఒక్క అక్షరం చాలు, దానికి ‘చెరువుల వరుస సంఖ్య’ అని నిండు పేరు పెడితే లెక్క కనబడకుండా పేరే అడ్డొస్తుంది. ఇరవై వరుసల ఫంక్షన్ లోపల రేట్ అంటే రేటే, ఎవరూ తికమకపడరు. అదే రేటు పది ఫైళ్లలో తిరుగుతున్నప్పుడు అది రైతుకు ఇచ్చే రేటా, కొనుగోలుదారు ఇచ్చే రేటా, ఏ రోజుదో పేరులోనే తేలాలి. హైదరాబాదులో మీరు నేర్చుకున్న పద్ధతి ప్రకారం ప్రతిదానికీ నిండు పేరు పెట్టుకుంటూ పోయారని మీరిచ్చిన నమూనాలు చెబుతున్నాయి. బాబాయిగారు రిజిస్టరులో బుజ్జి అని రాశారు, మీరు ఇంట్లో ఇంటిపేరుతో పిలుస్తున్నారు.

ఇప్పుడు కౌంట్ దగ్గరికి వద్దాం, పండగ తరువాతి గొడవకు మూలం అదే కనుక. రొయ్యల వ్యాపారంలో కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. ప్రోగ్రామరుకు కౌంట్ అంటే ఎన్ని ఉన్నాయన్న లెక్క, అంకె పెరిగేకొద్దీ సరుకు ఎక్కువ. ఒకే మాట రెండు వైపులకు లాగుతోంది. బాబాయిగారి కోడ్‌లో సీ అనేది కిలోకు రొయ్యల సంఖ్య, సీఎన్‌టీ అనేది ట్రేల సంఖ్య. మీరు రెండూ కౌంట్‌కు పొట్టి రూపాలే అనుకుని రెండింటినీ కౌంట్ చేశారు. ఒకే ఫంక్షన్‌లో పక్కపక్కన ఉన్న రెండు విలువలు ఒక్క పేరు కిందికి వచ్చి, ఒకటి రెండోదాన్ని చెరిపేసింది. అంటే, అమ్మా, అది ఏమిటో తెలుసుకోకముందే మీరు దానికి పేరు మార్చారు. ఇక సున్నాలు వచ్చిన స్లిప్పుల కథ వేరు: కొనుగోలుదారు పంపే ఫైలులో కాలమ్ పేరే సీఎన్‌టీ, మీ రీప్లేస్ ఆ అక్షరాలను కొటేషన్ల మధ్య కూడా మార్చేసింది, ప్రోగ్రాము ఆ కాలమ్ దొరక్క సున్నా తీసుకుంది. మొదటిది మీ తప్పు, రెండోది పనిముట్టు ఎంపికలో తప్పు. సరిదిద్దడానికి కౌంట్_పర్_కేజీ, నంబర్_ఆఫ్_ట్రేస్ అన్న రెండు పేర్లు చాలు. ఒంటి కౌంట్ అన్నది మీ కోడ్‌లో ఎక్కడా ఉండకూడదని ఆరుగురూ అనుకుంటే ఇంకా మంచిది.

పొట్టి రూపాల గురించి మీకు తెలిసిన ఊళ్ల పేర్లే చూడండి. కోనసీమలో ఐ. పోలవరం ఉంది, పి. గన్నవరం ఉంది. ప్రాజెక్టు కడుతున్న పోలవరంతోనూ, విజయవాడ పక్కన ఉన్న గన్నవరంతోనూ కలిసిపోకుండా ఆ ఒక్క అక్షరం కాపాడుతోంది. అయితే ఆ ఐ దేనికి గుర్తో, ఆ పి దేనికి గుర్తో బయటివాడికి తెలియదు. బస్సులో ఆ ఊరి వాళ్లను అడిగినా కొందరు నవ్వి ఊరుకుంటారు. సీ1, సీ2 చేసే పని కూడా అంతే. ఇది అది కాదని చెబుతాయి, ఇది ఏమిటో చెప్పవు. నేను పెట్టుకున్న గీత ఒకటుంది: చెరువు గట్టు మీద రైతు నోట పలికే పొట్టి రూపాన్ని ఉంచండి, ఆఫీసులో మనం పుట్టించిన దాన్ని తీసేయండి. డీఓసీ అంటే సీడు (రొయ్య పిల్లలు) వేసి ఎన్ని రోజులైందో మీ రైతులందరికీ తెలుసు. ఒడిశా కుర్రవాడు దాన్ని డాక్ అని చదువుకుని ఏదో డాక్యుమెంటు అనుకుంటాడు, నిజమే. కాని ఆ మాట అతను ఎలాగూ నేర్చుకోవలసిందే, చెరువుల లెక్కల్లో పనిచేస్తున్నాడు కనుక. ఆఫీసులో పుట్టిన ఏఎంటీఎన్ వంటిది నేర్చుకుని అతనికి ఒరిగేదేమీ లేదు.

మీరు పంపిన కోడ్ ముక్కలో నాకు అన్నిటికంటే ఇబ్బందిగా తోచింది వెయిట్ అన్న పేరు. అందులో మొదట కాటా మీది బరువు ఉంది. నాలుగు వరుసల తరువాత అదే వెయిట్‌లో ట్రేల బరువు తీసేసిన బరువు వచ్చింది. ఇంకో ఆరు వరుసలకు తరుగు కూడా పోయి, డబ్బు కట్టవలసిన బరువు మిగిలింది. పేరు ఒక్కటే, మనుషులు ముగ్గురు. గోదావరి కూడా ధవళేశ్వరం దిగువన చీలాక గోదావరిగా ఉండిపోలేదు. ఒక పాయ గౌతమి అయింది, ఒకటి వసిష్ఠ అయింది, వసిష్ఠ నుంచి మళ్లీ చీలింది వైనతేయ అయింది. నీరు అదే అయినా, ఎక్కడి నీరో చెప్పడానికి పేరు మారింది. గ్రాస్_వెయిట్, నెట్_వెయిట్, పేయబుల్_వెయిట్ అని మూడు వేరియబుళ్లు రాస్తే రెండు పేర్లు పెరుగుతాయి, అంతే, మీ రైతు వచ్చి “నా తరుగు ఎంత పట్టారు?” అని అడిగిన రోజున జవాబు వెతకనక్కరలేకుండా దొరుకుతుంది.

కొలతల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఏరియా అన్నది ఎకరాలా, హెక్టార్లా? హెక్టారు అంటే దాదాపు 2.47 ఎకరాలు, పొరపాటు పడితే మేత లెక్క రెండింతలు దాటి తప్పుతుంది. మేత కిలోలా, గ్రాములా? పేరు చివర ప్రమాణం చేర్చండి. 1999 సెప్టెంబరు 23న నాసా వారి అంగారక నౌక, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, నాశనం కావడానికి కారణం ఇలాంటిదే: భూమి మీది ఒక ప్రోగ్రాము పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన అంకెను, దాన్ని అందుకున్న ప్రోగ్రాము న్యూటన్ సెకన్లు అనుకుంది. పేరు చివర ప్రమాణం ఉంటే నౌక దక్కేదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఎవరో ఒకరి కంట పడే అవకాశం మాత్రం పెరిగేది.

అవును, కాదు అనే విలువల గురించి ఒక్క ముక్క: నాట్_పెయిడ్ ఫాల్స్ అయితే డబ్బు ఇచ్చినట్టా ఇవ్వనట్టా అని మీరే ఒక క్షణం ఆగారు కదా. తెలుగులో ‘లేకపోలేదు’ అని రాసే సొగసు కోడ్‌కు పనికిరాదు. ఈజ్_పెయిడ్ అని నిటారుగా పెట్టుకోండి.

అరగంట సంగతి. అది మామూలే, అంతేకాదు చాలాసార్లు అది మంచి సూచన కూడా. పేరు దొరకకపోతే సాధారణంగా కారణం రెండింటిలో ఒకటి: ఆ ఫంక్షన్ రెండు మూడు పనులు కలిపి చేస్తోంది, లేదా అది చేయవలసిన పని మీకింకా తేలలేదు. అలాంటప్పుడు పక్కన ఉన్నవాళ్లకు తెలుగులోనే నోటితో చెప్పి చూడండి. “కౌంట్‌ను బట్టి రేటు తెచ్చి, తరుగు తీసేసి, స్లిప్పు అచ్చువేస్తుంది” అన్నారనుకోండి, ఆ వాక్యంలోని తెచ్చి, తీసేసి, అచ్చువేస్తుంది అన్న మూడు క్రియలే మూడు ఫంక్షన్లు. రేటు, తరుగు, స్లిప్పు అన్న నామవాచకాలు మీ వేరియబుళ్లు. మన వాక్యంలో క్రియ చివరకు పోతుంది, కోడ్‌లో ముందుకు రావాలి, తేడా అంతే. డూ_ఆల్ అనే పేరు పుట్టింది ఈ వాక్యాన్ని ఎవరూ పైకి అనకపోవడం వల్లనే.

అయినా తేలకపోతే అక్కడే కూర్చోకండి. బిడ్డ పుట్టిన గంటలోనే పేరు తేలాలని మన ఇళ్లలో ఎవరూ పట్టుబట్టరు. బారసాల దాకా పాపాయి అనే పిలుస్తారు. మీరూ వికారమైన తాత్కాలిక పేరు ఒకటి పెట్టి ముందుకు సాగి, పని పూర్తయ్యాక, ఇంకా ఎవరికీ పంపకముందు వెనక్కి వచ్చి పేరు పెట్టండి. అప్పటికి ఆ ఫంక్షన్ ఏమిటో మీకు తెలిసి ఉంటుంది కనుక ఐదు నిమిషాలు పట్టదు. ప్రమాదమల్లా బారసాల చేయడం మరిచిపోవడంలో ఉంది. టెంప్2 అలా మిగిలిపోయి పెరిగి పెద్దవాడైనవాడే.

తెలుగా ఇంగ్లీషా అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు. అన్నీ ఇంగ్లీషులోకి మారిస్తే కొత్త కుర్రవాడికి సుఖం, కాని తరుగును డిడక్షన్ అన్నారనుకోండి, అడ్వాన్సు కోతా డిడక్షనే, మేత బాకీ కోతా డిడక్షనే, మూడూ ఒక రాశిలో పడతాయి. తరుగు అన్న మాటకు ఉన్న కచ్చితత్వం ఆ ఇంగ్లీషు మాటకు లేదు. అటువంటి వ్యాపారపు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగానే ఉంచితే మనకు హాయి, కాని వర్ణక్రమం చిక్కు పెడుతుంది. తరుగును ఒకరు టీతో రాస్తారు, ఒకరు టీ పక్కన హెచ్ చేర్చి రాస్తారు, వెతికితే ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు. మేతను హెచ్ లేకుండా రాస్తే ఒడిశా కుర్రవాడు దాన్ని మెటా అని చదువుతాడు, మెటాడేటా కాబోలు అనుకుంటాడు. ఇక మేత ఎవరికి వేస్తాడో దేవుడికే తెలియాలి. మూడో దారి అచ్చంగా తెలుగు లిపిలోనే రాయడం. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి అది చెల్లుతుంది, జావాస్క్రిప్ట్‌లోనూ చెల్లుతుంది. అయితే ఏరేటర్‌లు వంటి మాట టైపు చేసేటప్పుడు ర్, లు అతుక్కోకుండా మధ్యలో మనం పెట్టే కంటికి కనబడని అక్షరం ఒకటుంటుంది. పేరులో అది ఉంటే పైథాన్ ఒప్పుకోదు, జావాస్క్రిప్ట్ ఒప్పుకుని అది ఉన్న పేరునూ లేని పేరునూ రెండు వేర్వేరు పేర్లుగా చూస్తుంది. బడి పిల్లలకు నేర్పడానికి తెలుగు లిపి నాకు ఎంతో ఇష్టం. డబ్బు లెక్కలున్న ఆఫీసులో, తెలుగు చదవలేని మనిషి పక్కన ఉండగా, నేనైతే వాడను. తరుగు, పట్టుబడి, మేత వంటి పది పన్నెండు మాటలను ఎంచుకుని, ఒక్కొక్కదానికి ఒకే వర్ణక్రమం నిర్ణయించి, పక్కన అర్థం రాసి అందరికీ కనబడేలా పెట్టడం, మిగిలినదంతా ఇంగ్లీషులో ఉంచడం మీకు సరిపోవచ్చు.

పాత పేర్లను ఏం చేయాలన్నదే అసలు చిక్కు. ఏమీ మార్చకుండా, సీ1 అంటే ఇది, టెంప్2 అంటే ఇది అని ఒక పట్టిక రాసి పెట్టుకోవచ్చు. దీనివల్ల ఏదీ విరగదు, ఎవరి మనసూ నొచ్చదు. కాని కోడ్ మారినప్పుడల్లా పట్టికను కూడా మార్చాలన్న గుర్తు ఎవరికీ ఉండదు, ఏడాది తిరిగేసరికి పట్టికే అబద్ధమాడడం మొదలుపెడుతుంది. ఇంకో పద్ధతి, ఏదైనా పని మీద ఒక ఫంక్షన్‌లోకి వెళ్లినప్పుడు అందులోని పేర్లు మాత్రం సరిచేసి రావడం. ఇందుకు ఫైండ్ అండ్ రీప్లేస్ వాడకండి, ఎడిటర్‌లో ఉండే రీనేమ్ సదుపాయం వాడండి. అది అక్షరాలను చూడదు, ఏ పేరు ఎవరిదో చూస్తుంది. పైథాన్‌లో అదీ నూటికి నూరు పాళ్లు నమ్మదగ్గది కాదు కనుక మార్చినవన్నీ ఒకసారి కంటితో చూసుకోండి. పేరు మార్పును కోడ్ చరిత్రలో ఒక నమోదుగా, అంటే ఒక కమిట్‌గా, పని మార్పును ఇంకో కమిట్‌గా ఉంచితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు బాబాయిగారు మొత్తం వెనక్కి తీసుకెళ్లనక్కరలేదు. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే, రెండు మూడేళ్ల పాటు కొత్త పేర్లూ పాత పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. మీలాంటి శుభ్రత ఉన్నవారికి అది కంటిలో నలుసులా ఉంటుంది. అంతా ఒకేసారి మార్చాలనుకుంటే పట్టుబడులు తక్కువగా ఉండే వారాలు చూసుకుని, పాత స్లిప్పులు ఓ వంద తీసి, అదే సమాచారానికి కొత్త కోడ్ అవే అంకెలు ఇస్తోందో లేదో సరిపోల్చుకునే టెస్టులు ముందు రాసుకుని, బాబాయిగారు పక్కన కూర్చుని ఉండగా చేయాలి. ఆయన సమ్మతి లేకుండా ఈ మూడో దారి మీకు లేదు. మీరు సంక్రాంతికి పట్టింది ఈ దారినే, టెస్టులూ లేకుండా, మనిషీ లేకుండా.

ఏ దారి పట్టినా డేటాబేస్ కాలమ్‌ల పేర్లు, కొనుగోలుదారు పంపే ఫైలులోని శీర్షికలు, రైతు ఫోనుకు వెళ్లే సమాచారంలోని పేర్లు ముట్టుకోకండి. అవి మీ ఇంటి పేర్లు కావు, అవతలివాళ్లతో ఒప్పందాలు. సీఎన్‌టీ అని లోపలికి వచ్చిన దాన్ని గుమ్మం దగ్గరే నంబర్_ఆఫ్_ట్రేస్‌గా మార్చుకుని, లోపలంతా ఆ పేరుతోనే తిప్పుకోండి.

తప్పెవరిదని అడిగారు. చెప్పకుండా మార్చడం మీది, అందరి ముందూ అనడం ఆయనది. ఇంట్లో బాబాయి, ఆఫీసులో సార్ అయిన మనిషితో ఈ గొడవ ఎక్కడ తెంపాలో మీకే బాగా తెలుసు. నాకు తోచింది చెబుతాను: ఒక నోటుపుస్తకం తీసుకుని, అర్థం కాని పేర్లలో ఇరవై రాసుకుని, ఒక సాయంత్రం వెళ్లి ఒక్కొక్కటి ఎందుకలా పుట్టిందో అడగండి. మార్చడానికి అని కాకుండా తెలుసుకోవడానికే వెళ్లండి. పన్నెండేళ్ల పైబడిన రొయ్యల వ్యాపారం, ఏ కొనుగోలుదారు ఏ తిరకాసు పెట్టాడో, ఏ ఏడాది ఏ రోగం వచ్చి లెక్కలు తలకిందులయ్యాయో, అదంతా ఆ పొట్టి పేర్ల వెనక ఉంది, ఇంకెక్కడా రాసి లేదు. ఇరవైలో కనీసం రెండింటి అర్థం ఆయనే మరిచిపోయి ఉంటారు. అప్పుడు మీరేమీ అనకండి.

హైదరాబాదు వెళ్లాలా వద్దా అన్నది అమ్మగారి ఆరోగ్యాన్ని, మీ జీతాన్ని బట్టి తేల్చుకోవలసిన విషయం. టెంప్2 నుంచి తప్పించుకోవడానికే అయితే వెళ్లకండి, అక్కడా ఉంటాడు.

తాజా కలం ప్రశ్నకు: నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను మీ రైతులు డీఓ అంటారు కనుక ఫోను భాగంలో వేరియబుల్‌కు ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలే చిన్నబడిలో (స్మాల్ లెటర్లలో) పెట్టారు, జావాస్క్రిప్ట్ ఒప్పుకోలేదు. తప్పు మీ మీటరుది కాదు. ఆ రెండు అక్షరాలు ఆ భాష తన లూప్ కోసం అట్టేపెట్టుకున్న మాట, వేరియబుల్‌కు ఇవ్వదు. పైథాన్‌లో అలాంటి మాట లేదు కనుక అక్కడ మీకు ఎప్పుడూ అడ్డు రాలేదు. మీటరు చూపేది లీటరుకు మిల్లీగ్రాములే అయితే డీఓ_ఎంజీ_పర్_లీటర్ అని పెట్టండి, రెండు భాషల్లోనూ చెల్లుతుంది.